షారోన్ ముక్క కోసం ఉపవాస ప్రార్థన

బుల్లమ్మా,
ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. ఫోన్లో అయితే ఏడుపు అడ్డమొస్తుంది, అందుకే రాస్తున్నాను. మా షారోన్‌తో ఒకే గదిలో ఉండి చదువుకున్నదానివి, నువ్వూ నా పిల్లవే. ఆపరేషన్లో తీసిన దాని ఒంటి ముక్క మీ మందుల ల్యాబులో ఇంకా బతికే ఉందని మొన్న చెప్పావే, పిల్ల చనిపోయిన ఏడాదికి ఆ రాత్రి కాస్త నిద్రపోయాను. రోజు విడిచి రోజు మేత పెడతామన్నావు. ఏం పెడుతున్నారే? దానికి కారం లేందే ముద్ద దిగదు.
ఇట్లు, మీ ప్రేమమ్మ పిన్ని
తా.క.: పండుమిరప పచ్చడి పంపుతున్నాను. అంతా నువ్వే లాగించకు.

పిన్నికి మీ బుల్లమ్మ రమ్య నమస్కారాలు.
పచ్చడి అందింది. కణాలకి పచ్చడి పెట్టకూడదు పిన్నీ, వాటికి వేరే రసం పోస్తాం. అవి మహా మొండిగా పెరుగుతున్నాయి. మేం కొత్తగా తయారుచేసిన మందు వచ్చే వారం వాటి మీద వేస్తాం. ప్రార్థన చెయ్యండి.
మీ రమ్య
తా.క.: పచ్చడి ల్యాబంతా లాగించేసింది.

బుల్లమ్మా,
మొండిగా పెరుగుతోందా! అచ్చం షారోనే! శుక్రవారం సంఘమంతా ఉపవాసం ఉన్నాం. "ప్రభువా, ఏ మందు పడినా మా షారోన్ ముక్క చెక్కుచెదరకూడదు" అని జయపాల్ పాస్టరుగారు గొంతు పోయేదాకా ప్రార్థించారు.
మీ పిన్ని
తా.క.: నాతో మిరప కోతకొచ్చే మస్తాన్‌బీ దర్గాలో ఫాతెహా చదివించింది. మేస్త్రి వీరబాబు గుళ్లో కొబ్బరికాయ కొట్టాడు. ఏ వైపు నుంచీ ఢోకా లేదు.

పిన్నీ,
కొంప ముంచారు! మందు వేశాం. అది చెక్కుచెదరలేదు!
తప్పు నాదే, విడమరిచి చెప్పాల్సింది. ఆ ముక్క షారోన్ కాదు, షారోన్‌ని తినేసిన రొమ్ము కేన్సరు గడ్డ. ఏ మందుకి చస్తుందో చూడటానికే పెంచుతున్నాం. అది తెలిసే ఇచ్చింది షారోన్. మీ మనసు ఒప్పకపోతే చెప్పండి, ఆపించమని మా సారుని అడుగుతాను.
మీ రమ్య
తా.క.: మా సారు దేవుణ్ణి నమ్మరు. మీ ఉత్తరం చదివి, ఆ దర్గా ఎక్కడుందని అడుగుతున్నారు.

బుల్లమ్మా,
నీ ఉత్తరం చదివి పొయ్యి వెలిగించలేదు. మీ ల్యాబు గిన్నెలోనైనా నా పిల్ల ఉందనుకునే కదా రోజూ కోతకి లేచి వెళ్లింది! ఆపమని రాద్దామని కూర్చున్నాను కూడా.
అప్పుడే మస్తాన్‌బీ వచ్చి తలుపేసింది. "అక్కా, నాకూ రొమ్ములో గడ్డ ఉంది. సిగ్గేసి చెప్పలేదు. షారోన్ కోసం ఊరంతా కూడితే ధైర్యమొచ్చింది" అంది. తిట్టాను. ఏడ్చాను. తెల్లారి గుంటూరు పెద్దాసుపత్రికి లాక్కెళ్లాను. పరీక్షలన్నీ చేసి, తొందరగానే వచ్చారు, ఉన్న మందులతోనే తగ్గించొచ్చు అన్నారు డాక్టర్లు.
మందుకి లొంగని దశలో వచ్చేవాళ్లూ ఉంటారుగా. చంపండే దాన్ని. ఒక్క మందు పనిచెయ్యకపోతే ఇంకోటి చెయ్యండి. చర్చిలో, దర్గాలో, గుళ్లో మాట మార్చేశాం. "ఆ శుక్రవారం అడిగింది కొట్టెయ్యి ప్రభువా" అని పాస్టరుగారు మళ్లీ గొంతు పోగొట్టుకున్నారు.
మీ పిన్ని
తా.క.: ఉపవాసాలు మేం ఉంటాంలే. నువ్వు మాత్రం వేళకి కడుపునిండా అన్నం తిను తల్లీ.