టమాటాలకు మిషను నీళ్ళు

స్తమాతి మహాశయా,

పన్ను పీకించుకోవడానికి పెద్ద దీవికి ఓడెక్కుతున్నాను. కోడి సూపు పొయ్యి మీద ఉంది. ఉప్పు కోసం వెతక్కండి, డబ్బా నా సంచిలో ఉంది. మీ డయాలసిస్ మిషను కోసం నీళ్ళు వడగట్టేటప్పుడు నిన్న పక్కకు పోయిన నీళ్ళు పీపాలో పట్టాను. మీ రక్తం తగలని శుభ్రమైన నీళ్ళే, టమాటా మొక్కలకు పొయ్యండి. కాయలు నాకు, చాకిరీ మీకు.

తొమ్మిదేళ్ళు వారానికి మూడుసార్లు ఓడలో ఆస్పత్రికి తిప్పిన డాక్టర్లు మీకేం కావాలో ఎన్నడూ అడగలేదు. కొత్త డాక్టరమ్మ అడిగితే, ఇంట్లో పులిలా గాండ్రించే తమరు "మీ ఇష్టం తల్లీ" అని నసిగారు. "మిషను ఇంటికే ఇవ్వండి" అని నేనే అరవాల్సి వచ్చింది.

సాయంత్రం వస్తాను. నేను వచ్చేదాకా మిషను ముట్టుకోకండి.

మీ ఆవిడ ఎవాంథియా

అన్నట్టు, నేనూ మిమ్మల్ని అడగలేదు. ఇంట్లో ఉండటం మీకిష్టమేనా? నిజం చెప్పండి. నాకైతే ఇష్టమే.