మన లారీ అమ్మలేదు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. అయినా మన లారీ సంగతి మీకు కాక ఇంకెవరికి చెప్పను?

పోయిన వారం మిరపకాయల లోడుతో వెళ్తుంటే చిలకలూరిపేట దగ్గర ఇంజను వేడెక్కి ఆగిపోయింది. తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఆ సాయంత్రమే మీ అన్నయ్య పాత ఇనుము కొనేవాడినెవరినో వెంటబెట్టుకొచ్చారు.

"దాని పనైపోయిందమ్మా. పాత ఇనుము కింద ఇచ్చెయ్."

"పోయింది రబ్బరు గొట్టాలు, గాస్కెట్టూ బావగారూ. ఇంజను కాదు."

"నీకేం తెలుసు?"

పదేళ్లు మీకు పానాలందించినదాన్ని. నాకు తెలీదా?

మర్నాడు పొద్దున్నే కొంగు దోపుకుని రేడియేటరు నీళ్లు వదిలేశాను. పగిలిన గొట్టాలు పీకేసి కొత్తవి తొడిగాను. మన డ్రైవరు మస్తాన్, నేనూ కలిసి ఇంజను హెడ్డు దించాం. హెడ్డు కింద పరిచే గాస్కెట్టు రేకు కాలి అతుక్కుపోతే, దాన్ని గీకడానికే పూటంతా పట్టింది. కొత్తది పరిచి, మీరు చేసినట్టే బోల్టులు మధ్య నుంచి అంచులకు బిగించుకుంటూ వచ్చాను. వీధంతా నిలబడి చూసింది.

"ఆడదానికి ఇదేం పని!" అన్నారు మీ అన్నయ్య.

"నా లారీ పని," అన్నాను తలెత్తకుండా.

నిన్న లోడెత్తి గుంటూరు వెళ్లాం. దిగగానే మస్తాన్ బానెట్ ఎత్తి, "చుక్క కూడా కారలేదమ్మా!" అని అరిచాడు. నేను మాత్రం అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మీరున్నన్నాళ్లూ నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. రేపటి నుంచి మస్తాన్ నేర్పుతానన్నాడు. మీరెలా ఆపుతారో చూస్తాను.