ఆ స్విచ్ మీద చెయ్యి వెయ్యకు

తమ్ముడూ,

నువ్వు స్నానం చేసి వచ్చేసరికి కంప్యూటర్ తెర మీద ఒక గీత నిండుతూ ఉంటుంది. అది నిండేదాకా స్విచ్ జోలికి పోకు. మధ్యలో కరెంటు తీస్తే మదర్‌బోర్డు ఇక లేవదు.

కొత్త ప్రాసెసర్ పెట్టగానే తెర నల్లగా ఉండిపోతే, అక్కే బోర్డు పాడుచేసిందని ఇల్లంతా చాటావు. నాన్నతో నాకు చీవాట్లు పెట్టించావు. ఆ పాత బోర్డుకి నీ కొత్త ప్రాసెసర్ ఎవరో తెలీదురా, అంతే. ముందు పాత ప్రాసెసర్‌తోనే బయాస్, అంటే బోర్డుని నడిపే ప్రోగ్రాం, అప్‌డేట్ చెయ్యాలి. ఆ పాతదాన్నేమో చొక్కా జేబులో పెట్టి ఉతకడానికి పడేశావు. మాసిన బట్టలన్నీ గాలించి తీసి, మళ్ళీ బోర్డులో పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టాను.

అప్‌డేట్ అయ్యాక ఆపేసి, కొత్తది నువ్వే పెట్టుకో. నా బస్సు వచ్చే వేళైంది.

అక్క

పాస్‌వర్డ్ మార్చాను. ఇకనుంచి 'అక్క తప్పేం లేదు' అని కొట్టాలి. నాన్న పక్కనుంటే పైకి చదువుతూ కొట్టు.