తలుపు దగ్గరి చెంబు

నాగార్జునసాగర్

ప్రియమైన బిక్షమ్మకు,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకని నవ్వకు. గదిలో ఐదుగురం ఉంటాం. నేను ఫోన్లో "తిన్నవా?" అని నిన్నడిగితే, మిగతా నలుగురూ "తిన్న, తిన్న" అని బదులిస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను.

హోటల్ బాగా నడుస్తోంది. పల్లె విందని పేరు పెట్టారు. గోడలకు ఎర్రమట్టి పూసి, చాటలూ జల్లెడలూ వేలాడదీశారు. డ్యాం చూడటానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గర టికెట్ తీసుకుంటే కడుపు నిండేదాకా తినొచ్చు. కుండలు వరసగా పెట్టి ఉంటాయి. పళ్లెం పట్టుకుని ఎవరికి వాళ్లే వడ్డించుకోవాలి. మన ఊరు మర్రిగూడలో మనం వేరే దిక్కులేక తిన్న జొన్న గట్కను ఇక్కడ ఫోటోలు తీసుకుని మరీ తింటున్నారు!

పచ్చిపులుసు మాత్రం నాదే. మనింట్లో లాగే మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, వేయించిన నువ్వులు దంచి కలుపుతాను. పొద్దస్తమానం పొయ్యి దగ్గరే, బయటికి వచ్చే తీరికే ఉండదు.

మన బిడ్డ రూప చదువు మీద ఓ కన్నేసి ఉంచు.

నీ పెద్దులు


షాద్‌నగర్

ప్రియమైన రూప వాళ్ల బాపుకు,

నీ ఉత్తరం కంపెనీకి పట్టుకెళ్లి, అన్నం తినేటప్పుడు అందరికీ చదివి వినిపించాను. రోజంతా సీసాలకు మూతలు బిగించేదాన్ని, నాకూ గొప్ప చెప్పుకోవడానికి ఒకటి దొరికింది కదా. ఆ మంజులత ఊరుకుంటుందా? "మీ ఆయన నిజంగ వంట మాస్టరేనా, లేకుంటే ఉల్లిగడ్డలు కోస్తడా?" అంది. నాకు ఒళ్లు మండింది. "ఐతారం పోదాం పాండ్రి, మీరే చూద్దురు" అనేశాను.

ఇప్పుడు అందరూ కలిసి బండి మాట్లాడారు. గేట్లు కూడా ఎత్తారట కదా. రూపకు పరీక్షలున్నాయి, పక్కింటివాళ్ల దగ్గర ఉంటుంది. నువ్వేం చేయనక్కర్లేదు. ఒక్కసారి వంటింట్లోంచి బయటికొచ్చి, వాళ్ల ముందు నా పక్కన నిలబడు చాలు. మంజులత నోరు మూతపడుతుంది.

నీ కోసం ఎదురుచూసే,
బిక్షమ్మ


నాగార్జునసాగర్

ప్రియమైన బిక్షమ్మకు,

ఈ ఆదివారం వద్దు. గేట్లు ఎత్తినప్పటి నుంచి జనం ఒకటే తోసుకుంటున్నారు. నేను పొయ్యి విడిచి రాలేను, మీరొచ్చినా పలకరించలేను. వాళ్లను లాంచీ ఎక్కించి, గట్టు మీది బండ్ల దగ్గర వేయించిన చేపలు తినిపించు. అవే బాగుంటాయి. చెప్పిన మాట విను.

నీ పెద్దులు


షాద్‌నగర్

రూప వాళ్ల బాపుకు,

రాయాలని కూర్చోవడం, లేవడం. ఇన్నాళ్లూ ఇదే పని.

వద్దన్నా ఎందుకొచ్చావని అడుగుతావు. వెనక్కి తగ్గితే నా మాట అబద్ధమైపోతుందని వచ్చాను.

తలుపు దగ్గర గొంగడి కప్పుకుని, ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి ఒకడు వంగి అందరి చేతుల మీద చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. "దండాలు దొరసానీ, లోపలికి రాండ్రి" అంటున్నాడు. మంజులత చేతులు కడుక్కుని, అతని పక్కన నిలబడి ఫోటో దిగింది. నా వంతు వచ్చింది. చేతులు చాచాక ముఖం చూశాను. నువ్వు.

నాకూ దండాలు దొరసానీ అన్నావు. నీళ్లు పోశావు. నేను చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాను.

"మీ ఆయనేడి?" అని అడిగారు. "ఇయ్యాల సెలవు పెట్టిండంట" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! పళ్లెం నిండా వడ్డించుకున్నాను, ఒక్క మెతుకు ముట్టలేదు. వెళ్లేటప్పుడు నీ ముందు నుంచి నడవలేక వెనక గేటు నుంచి బయటపడ్డాను.

సిగ్గేసింది. ముందు నిన్ను చూసి. బండెక్కాక నన్ను చూసుకుని. ఆ రెండోది ఇంకా పోవడం లేదు.

వంట చేస్తున్నానని అబద్ధం ఎందుకు ఆడావు? అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

బిక్షమ్మ


నాగార్జునసాగర్

ప్రియమైన బిక్షమ్మకు,

నేనాడింది సగం అబద్ధం. పొద్దున వంట నాదే. జనం వచ్చే వేళకు చేతులు కడిగించి, గొంగడి కప్పి, తలుపు దగ్గర నిలబెడతారు. అంతకుముందు నిలబడేవాడు పని మానేశాడు. ఓనరు నా మీసం చూసి, "కొత్తోడు దొరికేదాంక నువ్వు నిలబడు" అన్నాడు. కొత్తవాడు ఇంకా దొరకలేదు.

మా నాయిన లచ్చయ్య చిన్నతనంలో దొర ఉండే గడి ముందు ఇలాగే చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "నా కొడుకు నోట్లకెళ్లి దొర అన్న మాట రావద్దు" అని, కూలికి పోయి నన్ను పదో తరగతి దాకా చదివించాడు. ఆ చెంబునే నేను జీతానికి పట్టుకున్నాను. వచ్చేవాళ్లు మంచివాళ్లే, భుజం తట్టి పోతారు. అయినా ఆ మాట అన్నప్పుడల్లా నాయిన వెనకే నిలబడి విన్నట్టుంటుంది. నీకెలా రాసేది?

నేను ముఖాలు చూడను, చేతులే చూస్తాను. నీ బొటనవేలి మీద సీసా మూత కోసిన గాటు చూసి గుర్తుపట్టాను. అలవాటు కొద్దీ దొరసానీ అన్నానని చెప్పుకోవచ్చు, కానీ అది నిజం కాదు. నలుగురి ముందు నీ పెనిమిటినని చెప్పుకోలేక అలా అన్నాను. ముందు కాదన్నది నేను. నువ్వు నా తర్వాతే.

నాకు కష్టమైంది నీ సెలవు మాట కాదు, నీ పళ్లెం. నువ్వు లేవగానే చెంబు పక్కన పెట్టి నేనే తీసుకొచ్చాను. పచ్చిపులుసు గిన్నె పోసినట్టే ఉంది. ఒక్క గుక్క తాగినా నా చేతి వంటని నీకు తెలిసిపోయేది. వంటింట్లో నిలబడి నేనే తాగేశాను. పళ్లేలు కడిగేవాడు, పర్వతాలు, చూసి "ఎంగిలెందుకు తాగుతున్నవు?" అన్నాడు. "ఎంగిలి గాదు, ముట్టనే లేదు" అన్నాను.

ముఖం చూపించలేని,
పెద్దులు


షాద్‌నగర్

ప్రియమైన రూప వాళ్ల బాపుకు,

ఇవాళ అన్నం తినేటప్పుడు మంజులత ఆ ఫోటో మళ్లీ తీసింది. "గీ గొంగడాయన మస్తుగున్నడు గదా!" అని నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. "గాయన మా ఆయన. మీరు రెండు గిన్నెలు తాగిన పచ్చిపులుసు కూడ గాయన చేసిందే" అన్నాను.

"మరి ఆ దినం చెప్పకపోతివి?" అంది మంజులత మెల్లగా. "సిగ్గయ్యింది" అన్నాను. ఆమె ముఖం నా కంటే చిన్నబోయింది. ఆ ఫోటో అడిగి నా ఫోన్లోకి పంపించుకున్నాను.

ఇంటికొచ్చి రూపకు చూపించి, జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేసి చూసింది. "బాపు నీకు నీళ్లు పోసిండు గదా, నువ్వు బాపుకు పోసినవా?" అని అడిగింది.

ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. వద్దని రాయకు, రాసినా వినను. మమ్మల్ని చూసి దొరసాని అన్నావో, అక్కడే నీ రుమాలు లాగేస్తాను. జనం వెళ్లిపోయాక ముగ్గురం కలిసి తిందాం. ఒక గిన్నె పచ్చిపులుసు దాచిపెట్టు. ఆ చెంబు కూడా ఉంచు. ముందు నువ్వు చేతులు చాచాలి, నీళ్లు నేను పోస్తాను.

నీ బిక్షమ్మ