ఢోలు తాబేలును చూసినవాళ్ళు

నరసరావుపేట,
ఆగస్టు 1988

కుసుమా,

నీ ఉత్తరం అందింది. మీ నాయనమ్మ మాట్లాడిన ముక్కను నా వీడియో క్యాసెట్‌లోంచి తీసెయ్యమన్నావు. తియ్యను. ఈ ఒక్క మాటే రాసి పోస్టు డబ్బాలో వేసేద్దామనుకున్నాను. కానీ చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఎందుకు తియ్యనో కూడా నీకు చెప్పాలి.

ఢోలు తాబేలు బొమ్మల సీరియల్ ఆగిపోయాక మన వీధికి ఆదివారమే లేకుండా పోయిందని నువ్వే అన్నావు. ఎండిపోయిన చెరువు వదిలి, నదిని వెతుక్కుంటూ పోయే ఆ తాబేలు మాట్లాడేదంతా హిందీ. వీధి మొత్తానికీ మీ ఇంట్లోనే టీవీ. ఉర్దూ వచ్చినదాన్ని కనుక ఆ మాటల్ని అప్పటికప్పుడు తెలుగు చేసి గట్టిగా చెప్పేదాన్ని. ఢోలు ఏడిస్తే నా గొంతూ వణికేది. నక్క మోసం చేస్తే నక్కలా నవ్వేదాన్ని. వీధి వీధంతా ఆ తాబేలును అలా ప్రేమించడం జనం మర్చిపోకముందే తీసి దాచాలనిపించింది. అన్న ఇక్బాల్ పెళ్ళిళ్ళు తీసే కెమెరా ఆషాఢంలో ఖాళీగా ఉంటే, భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అందరి చేతా మాట్లాడించాను. "ఆడపిల్ల భుజాన కెమెరా ఏందే?" అని అడ్డం వచ్చినవాళ్ళను, "నీళ్ళబిందె మోసిన భుజమేగా, అప్పుడు అడగలేదేం?" అని ఎదురడిగాను. అన్న ఎప్పుడో రికార్డు చేసిన ఢోలు కథ కొంచెం ఉంటే, రెండు వీసీఆర్లు కలిపి అదీ ఎక్కించాను.

ఆ కథ నేను ఎక్కడ నిలబడి చెప్పేదాన్నో నీకు గుర్తుందా? మీ వరండాలో, కిటికీ ఊచలు పట్టుకుని. మీరంతా హాల్లో చాప మీద కూర్చునేవాళ్ళు. నేను బయటినుంచి అరవాలి. జల్లు కొడితే వీపంతా తడిసిపోయేది. "వాళ్ళింట్లో కూర్చుంటే ఎట్టా తడిశావే?" అని అమ్మీ అడిగితే, దారిలో తడిశానని అబద్ధమాడేదాన్ని. ఈ సంగతి నీతో కూడా ఎన్నడూ అనలేదు. అంటే నువ్వు జాలిపడతావు. నీ జాలి నాకు అక్కర్లేదు.

నన్ను లోపలికి ఎందుకు రానివ్వలేదని కెమెరా పెట్టి మీ నాయనమ్మ నాంచారమ్మవ్వనే అడిగాను. ఆమె తడుముకోలేదు. "మీ తిండి వేరే. దేవుడి గది పక్కనే టీవీ. రానియ్యలా. అయినా ఆ తాబేలు ఏం కూసిందో నువ్వు చెప్తేనేగా నాకు తెలిసింది? నువ్వు రాని ఆదివారం, కట్టెయ్యండి ఆ టీవీని అనేదాన్ని" అంది. రెండు మాటలూ ఒకే ఊపిరిలో అంది. ఒకటి ఉంచి ఒకటి కోసెయ్యడానికి నేనెవర్ని?

మీ నాన్న గోవిందయ్య బాబాయి నిన్న మా వీడియో కొట్టుకు వచ్చాడు. ఆ ముక్క జనానికి చూపిస్తే కొట్టు ఖాళీ చెయ్యాలన్నాడు. గది మీదేగా. అన్న అప్పటినుంచీ నన్ను తిడుతూనే ఉన్నాడు. అయినా ఆదివారం సాయంత్రం కొట్టు ముందే టీవీ పెట్టి చూపిస్తున్నాను. నువ్వూ రా.

ఒక్క ముక్కా కొయ్యని,
హమీదా


గుంటూరు

హమీదా,

నీ పౌరుషం నాకు కొత్త కాదు. కానీ కాటికి కాళ్ళు చాచుకున్న మనిషిని నలుగురిలో దోషిని చేసి ఏం సాధిస్తావే? నాన్న మీ అన్నను పిలిచి మరీ ఆ గది ఇచ్చాడు. తాబేలు గురించి తీశావు కదా, తాబేలునే చూపించు. అందరం నవ్వుకుంటూ చూస్తాం. ఇలాగైతే నేను రాను. వస్తే ఎవరి పక్కన కూర్చోవాలో నాకు తెలియదు.

నీ మంచే కోరే,
కుసుమ


నరసరావుపేట

కుసుమా,

రానన్నావు, రాలేదు. నువ్వు లేకుండా ఏం జరిగిందో నా నోటితోనే విను.

వీధి పట్టనంత జనం వచ్చారు. ఎవరి మొహం టీవీలో పడితే వాళ్ళు కేకలు, ఈలలు. మీ నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. ఆమె ముక్క మొదలవగానే మీ నాన్న లేచి, టీవీ కట్టెయ్యబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. పక్కకు జరగలేదు. అప్పుడు వెనకనుంచి మీ నాయనమ్మ అరిచింది. "ఒరేయ్ గోవిందూ, కూర్చో! ఆ మాట అన్నది నేను. నా ఇంట్లో నేనన్న మాటకు నువ్వు సిగ్గుపడేదేందిరా?"

ఆయన కూర్చున్నాడు. ఆ ముక్క చివరిదాకా ఆడింది. అయ్యాక ఆమె నావైపు చూసి, "నా మొహం అంత నల్లగా తీశావేందే?" అంది. అంతే. తప్పయిందని అనలేదు. అనాలని నేనూ అడగలేదు. ఆమె మాట ఆమె చెప్పింది, నా మాట నేను చెప్పాను. అందరూ విన్నారు.

ఇక గెలిచాననుకుని వైర్లు చుడుతున్నాను. రాళ్ళ క్వారీ పనికి పోయే వెంకమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "తాబేలు ఇంత పొట్టిదా అమ్మాయ్! ఎద్దంత ఉంటదనుకున్నాం" అంది.

"ఇన్నాళ్ళూ చూడలేదా అక్కా?" అన్నాను.

"యాడ చూశాం? మమ్మల్ని ఆ వరండా కూడా ఎక్కనిచ్చేవాళ్ళు కాదుగా. అవతల మురిక్కాలవ గట్టు మీద కూర్చునేవాళ్ళం. టీవీ కనపడేది కాదు, నీ గొంతే వినపడేది. ఇదంతా తీశావు, మమ్మల్ని అడగలేదేం?"

కుసుమా, నేను ఊచలు పట్టుకుని లోపలికే చూశాను. నా వెనక ఎవరున్నారో ఏనాడూ తిరిగి చూడలేదు.

కొట్టు ఖాళీ చేసేశాం. మీ నాన్న అన్న మాట మీదే నిలబడ్డాడు. అన్న రిక్షాలో సామాను వేయిస్తూ నన్ను తిట్టాడు, తిట్టి, "వెంకమ్మ వాళ్ళ గుడిసెల్లో కరెంటు లేదు, పగటిపూటే పో" అని కెమెరా చేతికిచ్చాడు. రేపు పోతున్నాను. క్యాసెట్ ఇంకా పొడుగవుతుందే తప్ప, కురచ కాదు.

ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదన్నావు. దసరా సెలవులకు వచ్చినప్పుడు కెమెరా ముందు కూర్చో. చాప మీద కూర్చుని చూసినవాళ్ళకు కిటికీ అవతల ఏం కనపడేదో చెప్పు. ఏం చెప్పినా కొయ్యను.

నీకోసం ఖాళీ క్యాసెట్ అట్టే పెట్టిన,
హమీదా