కవ్వం తాడుకు లొంగిన మూత

చిత్తూరు, 1948 వేసవి. ఆదివారం.

నవ్వి నవ్వి ఇంకా పొట్ట నొప్పిగానే ఉంది. నిండు చూలాలైన ఆడబిడ్డను రేపు బంగారుపాళ్యం నుంచి కాన్పుకు తీసుకురావాలి. దారిలో కారు మొండికేయకూడదని ఈయన సాయంత్రం వాకిట్లోనే ఆయిలు మార్చబోయారు. ఫిల్టరు డబ్బాకు బోల్టు ఊడింది గానీ, మూత కరుచుకుపోయింది. పట్టుకుంటే చెయ్యి జారుతోంది, సుత్తితో కొడితే సొట్టపోతుంది.

"ఇది రాదే. రేపు బండి కదల్దు" అని మొహం వేలాడేశారు.

నేను కవ్వం తాడు తెచ్చి మూతకు రెండు చుట్లు చుట్టాను. "ఆ కొస మీరు పట్టండి. మజ్జిగ చిలికినట్ల లాగండి."

ఒకసారి ఆయన, ఒకసారి నేను. అటూ ఇటూ ఆడి ఆడి మూత టప్పున ఊడొచ్చింది. ఇద్దరి మొహాల నిండా నల్ల ఆయిలు! కొత్తది పోసి తిప్పితే ఇంజను ఒక్క తిప్పుకే పలికింది.

అత్త తాడు వాసన చూసి, "రేపు దేంతో చిలికేదమ్మీ? కాన్పుకొచ్చే బిడ్డకు వెన్న ఉండల్ల గదా?" అన్నారు.

ఈయన భుజం పిసుక్కుంటూ, "దినామూ ఇంత లాగుతావా నువ్వు?" అని అడిగారు.

కొత్త తాడు తెస్తారట. ఇకమీదట ఒక కొస తానే పట్టుకుంటారట. కారు మీద నమ్మకం కుదిరింది గానీ, ఈ మాట మీద...