మంట ఆర్పాకే బ్రాందీ

పిట్టా,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. ఇల్లు ఎక్కడికీ పోలేదు, పక్కింటి టైలరమ్మ నోరు ఇంకా మూతపడలేదు. నువ్వు కూడా అక్కడ కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోతున్నావని అనుకుంటున్నాను. అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు మరి.

నీ ఉత్తరం ఎప్పటిలాగే టైలరమ్మ కొట్టుకే వచ్చింది. కత్తిరించిన గుడ్డల అడుగున పెట్టి తెచ్చి, "బరువుగా ఉంది, ఏడుపు ఎక్కువ రాసినట్టుంది నీ కూతురు" అంటూ చేతిలో పెట్టింది. ఆమె అది విప్పి చూడలేదంటే నేను నమ్మను. కానీ నీ అడ్రసు మాత్రం ఆమె పీక మీద కత్తి పెట్టినా బయటికి రాదు. ఫోను వద్దు, దాన్ని పట్టుకుని నీ మొగుడు వచ్చేస్తాడు, ఉత్తరాలైతే చాలు అని మనకి చెప్పింది కూడా ఆమే కదా. నోరు ఆగని మనిషి కడుపులో ఇంత దాచుకోగలదని నాకు ఈ వయసులో తెలిసింది.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. పెరటి గోడ పక్కన అంజీర చెట్టు ఈసారి విరగకాసింది. పక్షులు తినగా, టైలరమ్మ అడక్కుండా కోసుకోగా, నాకూ బుట్టలకొద్దీ మిగిలాయి. వీధి చివరి హోటలువాళ్ళు మన జామ్ ఇంకా కావాలని అడుగుతూనే ఉన్నారు.

ఇక నీ జామ్ సంగతి. బేకరీ యజమానురాలు నీ చేత అంజీర జామ్ చేయించిందని చదివి పొంగిపోయాను. అది చదివి వినిపించడానికి టైలరమ్మని రెండోసారి కూర్చోబెట్టాను. బ్రాందీ పోస్తున్నా వాసన నిలవడం లేదని రాశావు. ఎలా నిలుస్తుందే? స్టవ్ మీద కుతకుతలాడుతుండగానే పోస్తున్నావు కదూ? నువ్వు రాయకపోయినా నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వాసనంతా ఆవిరితో కిటికీలోంచి పోతుంది. పోతే పోనీ, అది చిన్న నష్టం. మళ్ళీ చెబుతున్నాను, చెవులు రెండూ పెట్టి విను. పళ్ళు తొడిమలు తీసి, ముక్కలు కోసి, పంచదారలో ఊరనివ్వు. నిమ్మరసం పిండి సన్నని సెగ మీద పెట్టు. చల్లటి ప్లేటు మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడాలి. పడగానే మంట ఆర్పు. గిన్నె దించి స్టవ్‌కి దూరంగా పెట్టు. బుడగలు పూర్తిగా అణిగాక, అప్పుడు మూత తీయి బ్రాందీ సీసాకి. సీసాలోంచి పోయకు, చెంచాతో వెయ్యి. మంట ఉన్నచోట ఆ సీసా ఉండకూడదు. చిన్నప్పుడు నువ్వు సాయం చేస్తానంటూ సీసా పట్టుకుని స్టవ్ దగ్గరికి వస్తే వీపు పగిలేలా ఒక్కటిచ్చాను, గుర్తుందా? నిన్ను నేను కొట్టింది ఆ ఒక్కసారే. తర్వాత ఆ పని వేరేవాళ్ళు తీసుకున్నారు.

పోయిన ఉత్తరం చేతిరాత నాది కాదేమిటని, అసలు సంగతేమిటని అడిగావు. గోరుచుట్టు లేచిందని, అందుకే టైలరమ్మ చేత రాయించానని అందులో రాయించాను. అది అబద్ధం. అరచేతికి కుట్లు పడ్డాయి. ఇప్పుడు మానింది, ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, అక్షరాలు కుంటుతున్నాయి కానీ నావే.

ఆఖర్న, ఏదో మామూలు మాట అడిగినట్టు, ఒకటి అడిగావు. "ఆయన తాగుడు మానేశారని ఏమైనా విన్నావా అమ్మా? ఈమధ్య మంచిరోజులే గుర్తొస్తున్నాయి" అని. మానేశాడు పిట్టా. మందుచుక్క ముట్టడం లేదు. ఎలా మానేశాడో చెబుతాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

పోయిన ఉత్తరానికి ముందు ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. హోటలుకి ఇవ్వాల్సిన జామ్ స్టవ్ మీద ఉడుకుతోంది. కడిగి ఆరబెట్టిన సీసాలు బల్లమీద గుడ్డ పరిచి బోర్లించాను. వీధి తలుపు గడియ వేసే ఉంది. ఒక్క తన్నుకి గడియ మేకులతో సహా ఊడి వచ్చింది. మా అల్లుడుగారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చాడు. వాసన మాత్రం గుమ్మం దాటకముందే నా దాకా వచ్చింది.

"అత్తయ్యా, నా పెళ్ళాం ఎక్కడుందో చెప్పండి. ఇంకేం వద్దు నాకు" అన్నాడు, మొదట మెత్తగానే.

"నాకు తెలీదు."

"కన్నతల్లికి తెలీదా?"

"తెలిసినా నీకు చెప్పను."

ఇలా అనాల్సింది కాదేమో. నా నోటికి ఎప్పుడూ తొందరే. చేత్తో బల్లంతా ఊడ్చేశాడు. సీసాలన్నీ నేలమీద భళ్ళున పగిలాయి. జుట్టు పట్టుకుని నన్ను స్టవ్ దగ్గరికి ఈడ్చాడు. మొహం గిన్నె మీదికి వంచాడు. కింద జామ్ ఉడుకుతోంది, ఆవిరి కళ్ళలోకి కొడుతోంది, ఎగిరిన చుక్కలు గడ్డానికి అంటుకుని కాలుతున్నాయి. "ముంచమంటావా? చెప్తావా?" అన్నాడు. 'అత్తయ్యా', 'మీరు' అనడాలన్నీ అప్పటికే పోయాయి. నేను పళ్ళు బిగించాను. నీ వీధి పేరు, బేకరీ పేరు, నువ్వుండే వెనకగది, అన్నీ నాలుక చివరే ఉన్నాయి పిట్టా. భయపడితే జారిపోతాయని నాలుక కొరుక్కున్నాను, నోట్లో రక్తం ఊరింది.

విసిరి కొట్టాడు. గాజుపెంకుల మీద పడ్డాను. లేవబోతూ చెయ్యి ఆనిస్తే ఆ చేతి మీద బూటుకాలు వేసి నొక్కాడు. పెంకు అరచేతిలో ఎంత లోపలికి దిగిందో నాకు తెలుస్తూనే ఉంది. అరిచాను. టైలరమ్మ మిషన్ చప్పుడులో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

అప్పుడు నవ్వాడు. "అదీ ఇంతే. చెయ్యి మెలిపెడుతుంటే నోరు విప్పలేదు. పటుక్కుమన్నాక అరిచింది. తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకటే పొగరు" అన్నాడు.

నాతో నువ్వేం చెప్పావే? బాత్రూంలో జారిపడ్డానన్నావు. మణికట్టుకి కట్టుతో వచ్చి, ఇక్కడే ఈ వంటింట్లో కూర్చుని, ఎడమచేత్తో తింటూ నవ్వావు. నేను కూడా బాత్రూంలో పాచి పట్టిందేమో గీకించుకోమని సలహా ఇచ్చాను. కొట్టేవాడని తెలుసు, అందుకే నువ్వు వెళ్ళిపోతే మెచ్చుకున్నాను. కానీ ఎముక విరిచాడని, విరిచే దాకా మెలిపెట్టాడని నేల మీద పడి ఉండగా అతని నోటే విన్నాను. చేతిలో దిగిన గాజుపెంకు నొప్పి నాకు అక్కడితో ఆగిపోయింది.

అతని కన్ను అలమార మీది బ్రాందీ సీసా మీద పడింది. "ఓహో! నేను తాగితే రాక్షసుణ్ణి. మీరు జామ్‌లో కలుపుకుంటే మర్యాదస్తులు" అంటూ మూత తీసి గటగటా తాగాడు. సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి. తర్వాత సీసా ఊపుకుంటూ స్టవ్ దగ్గరికి వెళ్ళాడు. మంట మండుతూనే ఉంది. జామ్ అడుగంటే వాసన మొదలైంది.

"చూద్దాం, నేనూ వంట నేర్చుకుంటా. ఎంత పోస్తారేమిటి ఇందులో?" అని నావైపు తిరిగి అడిగాడు.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇదే. అతను అడిగాడు పిట్టా. జవాబు కోసం ఆగాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి వంటింట్లో ఒక్కసారి కూడా నిలబడని మనిషి, మంట మీద బ్రాందీ పోస్తే ఏమవుతుందో అతనికేం తెలుసు? నాకు తెలుసు. మంట ఆర్పమని ఒక్క మాట అంటే సరిపోయేది. పసిపిల్లవని కూడా చూడకుండా అదే మాట కోసం నిన్ను కొట్టాను.

"అంతా పోసెయ్ బాబూ" అన్నాను.

బాబూ అని కూడా అన్నాను. అని, నేల మీదే వెనక్కి జరిగి గుమ్మం దాకా వెళ్ళాను.

సీసా గిన్నెలో బోర్లించాడు. జామ్ ఒక్కసారిగా పొంగి అతని చేతుల మీదికి ఎగిరింది, వెంటనే భగ్గుమంది. మంట గిన్నెలోంచి సీసాకి, సీసాలోంచి తడిసిన చొక్కాకి పాకింది. కాలే జామ్ నీళ్ళలాగా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. దులుపుకుంటే రెండో చేతికి అంటింది. అతను అరిచినలాంటి అరుపు నేను జన్మలో వినలేదు. గోడకి కొట్టుకున్నాడు, బల్లకి కొట్టుకున్నాడు, గాజుపెంకుల మీద దొర్లాడు. నా పక్కనే కుర్చీ మీద మందపాటి దుప్పటి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నేను చాపలేదు. కూర్చుని చూశాను. నీ మణికట్టు గుర్తు చేసుకుంటూ చూశాను.

"అమ్మా" అన్నాడు. అప్పుడు లేచాను. జాలి వేసిందో, కిటికీ పరదాకి మంట అంటుకుంటుందని భయం వేసిందో నాకు ఇప్పటికీ తెలీదు. దుప్పటి కప్పి, మీద పడి అదిమాను. స్టవ్ ఆర్పాను. ఆ తర్వాత టైలరమ్మ కత్తెరతో సహా పరిగెత్తుకొచ్చింది. చొక్కా కత్తిరించి తీస్తే చర్మం కూడా గుడ్డతో పాటే వచ్చింది.

కానిస్టేబులు వచ్చాడు. తలుపు చూశాడు, నా చెయ్యి చూశాడు, తాగి వచ్చి తన మీద తనే పోసుకున్నాడని రాసుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. వీధి వీధంతా నన్ను దేవతని చేసి కూర్చోబెట్టింది, తనని చంపబోయినవాణ్ణి కాపాడిందని. అతనూ అదే నమ్మాడు. ఆస్పత్రిలో కళ్ళు తెరవగానే "మీరు లేకపోతే చచ్చిపోయేవాణ్ణి అత్తయ్యా" అని ఏడ్చాడు. నేను ఎంత పోయమన్నానో అతనికి గుర్తులేదు.

ఛాతీ, మెడ ఒకవైపు, రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. తొడ చర్మం తీసి చేతులకి అతికించారు. కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటే విడదీశారు. అందుకే తాగడం లేదు, గ్లాసు పట్టుకోవడానికి వేళ్ళు వంగవు. రోజూ నీ పేరే తలుస్తున్నాడు. ఒక్కసారి వస్తే చాలు, కాళ్ళ మీద పడతానంటాడు. పక్క మంచాలవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. "ఆ అమ్మాయికి మనసే లేదా?" అని నర్సు నన్నే అడిగింది.

ఇదంతా నీకు చెప్పకూడదనుకున్నాను. నీ సంగతి నాకు తెలుసు. ఆ కట్లు చూస్తే నువ్వు కరిగిపోతావు. పక్కన కూర్చుంటావు, అన్నం తినిపిస్తావు, రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తావు, అతనికి బాగయ్యాక ఇంటికి తీసుకెళతావు. కానీ నువ్వు మంచిరోజులు గుర్తొస్తున్నాయని రాశావు. అలా రాసిన మనిషికి ఎవరో ఒకరు ఈ కబురు చేరవేస్తే రాత్రికి రాత్రే బయలుదేరుతుంది. అందుకని నేనే చెబుతున్నాను, నేనేం చేశానో కూడా కలిపి చెబుతున్నాను. నన్ను తిట్టుకో. నా మొహం చూడనని అను. అతని మీద జాలి పడాలనుకుంటే పడు, నేను ఆపలేను. పడేది అక్కడే ఉండి పడు.

నువ్వు చెయ్యాల్సిన చాకిరీ ఏమీ మిగల్లేదు, అది నేను చేస్తున్నాను. రోజూ వెళ్ళి గంజి చల్లార్చి చెంచాతో పడుతున్నాను. "అది ఎక్కడుంది అత్తయ్యా?" అంటాడు. "నోరు తెరువు" అంటాను. మూతి తుడుస్తాను. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ చెంచా పెడతాను.

టైలరమ్మకి ఇది నచ్చడం లేదు. "నీ చెయ్యి తొక్కినవాడికి నువ్వు తినిపించడమేమిటే, పాపం చేసినట్టు?" అని నిన్న నిలదీసింది. ఆమెకి నేనేం చెప్పలేదు. నీకు చెబుతున్నాను. పాపం కడుక్కోవడానికి నేను వెళ్ళడం లేదు. ఆ వేళ్ళు మళ్ళీ పిడికిలి బిగించే రోజు అందరికంటే ముందు నాకు తెలియాలి. తెలిసిన క్షణమే నీకు కబురు పెడతాను, నువ్వు ఆ ఊరు కూడా వదిలి ఇంకా దూరం వెళ్ళాలి. మూట సర్దుకునే ఉండు.

నిన్న కట్లు మార్చేటప్పుడు చూపుడువేలు కదిలింది. నర్సు చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను.

ఇట్లు,
నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా రావద్దంటున్న
అమ్మ